ఆశ్రిత గొంతు

స్నానాల గదిలో కాలు జారి పడినప్పుడు ఏసుమణికి ముందు గుర్తొచ్చింది తన నడుము కాదు, తన ప్రాణమూ కాదు... లోపలి గదిలో మంచం మీద ఉన్న కూతురు!

"అయ్యో ప్రభువా!" అంటూ లేవబోయింది. కుడి తుంటిలో ఏదో కలుక్కుమంది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. తడి గచ్చు మీద వెల్లకిలా పడి, కాలు కదపలేక, చేతికి ఏదీ అందక అలాగే ఉండిపోయింది. కుళాయి ధారగా కారుతూనే ఉంది. ఆ చప్పుడులోనే లోపలి నుంచి కేక వినిపించింది.

"అ...మ్మా...!"

"ఏటీ నేదు తల్లీ! ఒచ్చేస్తన్నాను!" అంది ఏసుమణి. రాలేనని తెలిసినా అలాగే అంది. ఆ పిల్లకు ఇరవై ఏడేళ్లుగా ఆ మాటే చెబుతోంది మరి!

ఆశ్రిత పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. ఊపిరందని ఆ కాసేపటి వల్లే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి, మెడ నిలవలేదు, వచ్చిన మాట కూడా ముక్కలు ముక్కలైపోయింది. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. ఆ ముక్కల మాటలు ఏసుమణి ఒక్కదానికే తెలుస్తాయి. తండ్రి దావీదు చోడవరం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన పోయాక, కొడుకు ఏబెల్ పెళ్లి చేసుకుని గాజువాక వెళ్లిపోయాక, ఫ్యాక్టరీ రోడ్డును ఆనుకున్న సందు మొదట్లో ఆ రెండు గదుల ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరే మిగిలారు. చిన్నప్పుడు ప్రత్యేక అవసరాల పిల్లలకని గవర్నమెంటు నడిపే కేంద్రానికి ఆశ్రితను చంకనెత్తుకుని తీసుకెళ్లేది. అక్కడి టీచరు అక్షరాలు కూడా నేర్పింది. కానీ పిల్ల ఎదిగింది, బరువెక్కింది... ఒకసారి ఆటో దిగుతూ ఇద్దరూ పడ్డారు, చూసిన కుర్రాళ్లు నవ్వారు. ఆ రోజుతో ఏసుమణి గుమ్మం దాటించడం మానేసింది. నా బిడ్డను చూసి లోకం నవ్వకూడదు, అంతే! లేపడం, కడగడం, తినిపించడం, జడ వెయ్యడం, పక్క మీద అటూ ఇటూ తిప్పడం... ఇదే ఆమె ప్రార్థన, ఇదే ఆమె పండగ.

ఇప్పుడు తల్లి ఒక గదిలో, కూతురు ఒక గదిలో గొంతు చించుకుని అరుస్తున్నారు. ఒక్కరూ రాలేదు! ఎలా వస్తారు? ఆశ్రిత అరుపులు ఆ సందుకు అలవాటే. "ఆ గుంట అలాగే అరుస్తాది" అనుకుని ఎవరి పనిలో వాళ్లుంటారు. ఏసుమణి గొంతు ఆ గొంతులోనే కలిసిపోయింది.

ఇంతలో లోపల ధబ్‌మని చప్పుడు. ఆ వెనకే నేల మీద ఏదో రాసుకుంటూ పోతున్న శబ్దం. పిల్ల మంచం మీద నుంచి పడిపోయింది!

"కదలకే తల్లీ! దెబ్బ తగుల్తాది! నా తల్లివి కదా, కదలకే!"

ఆ శబ్దం ఆగలేదు. పైగా ఆమె వైపు రావడం లేదు... దూరమవుతోంది! వీధి గుమ్మం వైపు పోతోంది! "అమ్మ ఇక్కడుంటే ఎటు పోతన్నావే?" అని ఏసుమణి ఏడుస్తూ అరిచింది. తరువాత రోడ్డు మీద ఏదో కీచుమని బ్రేకు వేసిన చప్పుడు, మనుషుల కేకలు వినిపించాయి. ఆమెకు స్పృహ తప్పింది.

మోచేతుల మీద పాకి, గుమ్మం మెట్టు మీద నుంచి దొర్లి, రోడ్డు మీదికి వచ్చి పడిందట ఆశ్రిత! రావికమతం వెళ్లే షేరాటో ఆమెకు బారెడు దూరంలో ఆగిందట. గడ్డం చిట్లి రక్తం కారుతున్నా ఇంటి వైపే చూస్తూ "మ్మా... మ్మా" అందట. ఎదురింటి నూకరత్నం పరుగెత్తుకొచ్చి, లోపలికి వెళ్లి చూసి, గుండెలు బాదుకుంది. అంబులెన్సు వచ్చింది. ఏసుమణిని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

* * *

ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఏబెల్ కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సెల్లేదిరా?" అంది.

"నూకరత్నం పిన్ని ఇంట్లో ఉందమ్మా."

"నీ ఇంటికి తీసుకుపోరా బాబూ..."

ఏబెల్ తల దించుకున్నాడు. "మూడో అంతస్తమ్మా. లిఫ్టు నేదు. నేను డ్యూటీకి పోతే, జూడీ షాపుకి పోతే, దాన్ని ఎవరు సూస్తారు? పడితే... తాళం ఏసిన ఇంట్లో అది అరిస్తే ఎవరు ఒస్తారు సెప్పు?"

"నీ తోడబుట్టిందిరా!"

"తోడబుట్టింది కాబట్టే భయమేస్తంది!" అని ఏబెల్ గట్టిగా ఏడ్చేశాడు. వార్డులో అందరూ తిరిగి చూశారు. చిన్నప్పటి నుంచీ తల్లి చేతులు రెండూ చెల్లెలి చుట్టూనే ఉంటే, గుమ్మంలో నిలబడి చూసిన పిల్లవాడు వాడు. ఆ మాట వాడు ఎన్నడూ అనలేదు. ఇప్పుడూ అనలేదు.

అక్కడ నూకరత్నం పరిస్థితి మరీ ఘోరం! ఆశ్రిత ఏదో అడుగుతుంది, ఆవిడకు తెలియదు. నీళ్లు తెస్తే తల అడ్డంగా ఊపుతుంది, అన్నం తెస్తే ఏడుస్తుంది. ఎత్తబోయి నడుము పట్టేసి ఆవిడే మంచం ఎక్కింది. చివరికి ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా పనిచేసే దుర్గాదేవికి కబురు పెట్టింది. నెల మొదట్లో పెన్షన్ పట్టుకుని ఇంటికొచ్చే అమ్మాయి. ఆ ఇంటి గుమ్మం తొక్కే బయటి మనిషి ఆ ఒక్కతే.

మర్నాడు దుర్గాదేవి ఆసుపత్రికి వచ్చింది. కమలాపళ్ల కవరు స్టూలు మీద పెట్టి మంచం పక్కకు వచ్చింది.

"అమ్మా... విశాఖలో మహిళా దివ్యాంగులకి గవర్నమెంటు హోమ్ ఉంది. మా మేడమ్ గారితో మాట్లాడేను. మీరు లేచి తిరిగే వరకూ ఆశ్రితని అక్కడ ఉంచుతారు."

ఏసుమణి మొహం పాలిపోయింది. "నాను సచ్చిపోయేననుకున్నావేటి? తల్లి బతికుండగా బిడ్డని అనాథల్లో పడేస్తారా?"

"అనాథలని కాదమ్మా. ఆయాలుంటారు, ఫిజియోథెరపీ ఉంటాది..."

"దాని మాట వాళ్లకేటి తెలుస్తాది! దాహమంటే తెలుస్తాదా? కడుపునొప్పంటే తెలుస్తాదా?"

"నాకూ తెలియలేదమ్మా," అంది దుర్గాదేవి, నిజాయితీగా. "వెళ్తావా అని అడిగేను. ఏదో సెప్పింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగితే తలూపింది. అంతకన్నా నాకు దారి కనపళ్లేదు..."

"తలూపిందా! అడగ్గానే తలూపేసిందా..." ఏసుమణి గోడ వైపు తిరగబోయింది. ఆ కాలుతో తిరగలేకపోయింది. కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచే నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి.

* * *

చోడవరం ఇంటికి తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో చప్పుడు లేదు. ఆశ్రిత మంచం గోడ పక్కన ఖాళీగా ఉంది. దాని వైపు చూడకూడదనుకునేది, దాని వైపే చూసేది. ఎవరి కోసం లేవాలి? ఎవరికి తినిపించాలి? ఇన్నేళ్లు క్షణం తీరిక లేక గొడ్డు చాకిరీ చేసిన చేతులకు ఇప్పుడు ఏ పనీ లేదు. మందిరంలో పాస్టరు గారు ఆమె కోసం ప్రార్థన చేయించారు. నూకరత్నం కూర పంపేది. అందరూ వచ్చారు, పలకరించారు, వెళ్లారు. వాళ్లు వెళ్లాక ఇల్లు మరింత పెద్దదైపోయేది!

కోడలు జూడీ షాపుకు సెలవు పెట్టి వచ్చి దగ్గరుంది. ఏసుమణి ఆశించలేదు. ఆ పిల్ల పెద్దగా మాట్లాడే రకం కాదు. చకచకా పని చేసుకుపోయేది. ఒక ఉదయం ఏసుమణి కిటికీలోంచి వాన చూస్తూ ఉంది. జూడీ వచ్చి, చంకల కింద చేతులు వేసి, ఒక్క ఊపున లేపి కూర్చోబెట్టి, దుప్పటి లాగేసింది.

"అడక్కుండా ఎత్తేస్తావేటే! నానేటన్నా బస్తానా?" అని ఏసుమణి గయ్‌మంది.

జూడీ బిత్తరపోయింది. "తప్పయిపోయింది అత్తయ్యా... దుప్పటి మారుద్దామని..."

అడక్కుండా అన్న మాట ఏసుమణి నోట్లోంచి వచ్చి ఆమె గుండెలోనే గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా అడిగిందా? ఇప్పుడు లేపనా తల్లీ అని, ఇటు తిప్పనా అని, ఈ జాకెట్టు వెయ్యనా అని... ప్రేమగానే ఎత్తింది, ప్రేమగానే తిప్పింది. కానీ అడిగిందా? ఆ రోజంతా అన్నం సయించలేదు. సాయంత్రం జూడీ చెయ్యి పట్టుకుని, "నీ తప్పు కాదమ్మా" అంది. ఎందుకు కాదో మాత్రం చెప్పలేకపోయింది.

ఆదివారాలు ఏబెల్ హోమ్‌కు వెళ్లి చూసి ఫోను చేసేవాడు. "బాగుందమ్మా, ఒళ్లు కూడా సేసింది" అనేవాడు. ఏసుమణి నమ్మేది కాదు. నాకు బెంగని అబద్ధం చెబుతున్నాడు! నా బిడ్డ అక్కడ గోడకేసి తిరిగి ఏడుస్తూ ఉంటుంది. నేను వెళ్లాలి, తెచ్చుకోవాలి. ఆ పట్టుదలతోనే వాకర్ వదిలి కర్ర పట్టింది. ఆ పట్టుదలతోనే గుమ్మం మెట్టు దిగింది.

* * *

క్రిస్మస్ నెల వచ్చింది. ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఏసుమణి కొత్త నైటీ, చిలకాకుపచ్చ చున్నీ కొని సంచిలో పెట్టుకుని విశాఖ బస్సెక్కింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఏబెల్ దింపుకుని ఆటోలో హోమ్ దగ్గరికి తీసుకెళ్లాడు. "సాయంత్రం డ్యూటీ అయ్యేక వస్తాను" అని గేటు దగ్గర దిగబెట్టి వెళ్లాడు. దారిలో ఏదో చెప్పబోయి మానేశాడు.

వరండా మలుపు తిరగకముందే కూతురి గొంతు వినిపించింది. ఏడుపు కాదు... కేక కాదు... ఆగి ఆగి, ఒక్కొక్క ముక్కా తోసుకుంటూ వస్తున్న మాటలు!

"బం...గా...ళా... ఖా...తంలో... అల్ప... పీడ..."

"ఆగాగు! అల్పపీడనమా? మళ్లీ వానేటి ఈ చలిలో?" అని ఇంకో ఆడగొంతు నవ్వింది.

ఏసుమణి కర్ర మీద ఆనుకుని నిలబడిపోయింది. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఆశ్రిత. ఎదుట స్టాండుకు పేపరు తగిలించి ఉంది. పక్కనే కుర్చీలో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఆడమనిషి, తల కొంచెం పక్కకు వంచి వింటోంది. ఆశ్రిత పేపరు చదువుతోంది! ఆ కేంద్రంలో నేర్చిన నాలుగు అక్షరాలు ఎప్పుడో పోయాయనుకుంది ఏసుమణి. బైబిలు ముందు పెడితే బొమ్మలు చూసుకుంటోందనుకుంది. ఇన్నేళ్లూ ఆ పిల్ల లోలోపల చదువుకుంటూనే ఉందా! వినేవాళ్లు లేక...

"తల్లీ!"

ఆశ్రిత తిరిగి చూసింది. మొహమంతా వెలిగిపోయింది. ఏసుమణి కర్ర జారవిడిచి ఆమెను వాటేసుకుంది. తల నిమిరిన చెయ్యి ఆగిపోయింది. జడ లేదు! మోకాళ్ల దాకా పెంచిన జడ! రోజూ నూనె రాసి, దువ్వి, ఒళ్లో తల పెట్టుకుని అల్లిన జడ!

"ఎవరే... ఎవరే నీ జుట్టు కోసేసేరు?" అని బావురుమంది.

"నే...నే... కోయ్...మన్నా," అంది ఆశ్రిత. "తేలి...గ్గా... ఉంది... అమ్మా."

కళ్లు తుడుచుకుని సంచి తెరిచింది ఏసుమణి. "పోనీలే, పెరుగుతాది. రా, పోదాం. నీ మంచం అలాగే ఉంది. క్రిస్మస్‌కి కొత్త బట్టలు సూడు..." అంటూ అలవాటుగా వంగి, రెండు చేతులూ కూతురి చంకల కిందికి పోనిచ్చింది.

ఆశ్రిత ఒళ్లు కర్రలా బిగుసుకుంది. "ఒద్దు!"

ఏసుమణి చేతులు కాలినట్టు వెనక్కి తీసుకుంది. మంచం మీద తాను కోడలిపై గయ్‌మన్న ఆ ఉదయం కళ్ల ముందు నిలిచింది.

"రావా... ఇంటికి?"

"రా...ను."

"నామీద కోపమా తల్లీ? ఇక్కడ పడేసేనని కోపమా? నాను కాదే, నాను ఒద్దన్నాను! నీకోసం ఏటి తక్కువ సేసేను? మీ నాన్న పోయినప్పుడు కూడా కూసుని ఏడవనేదు, నీకు అన్నం ఎట్టాలని లేసేను! నువ్వు రాను అంటే ఇంక నాకెవరున్నారే..."

ఆశ్రిత కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పొడవైన మాట. ఏసుమణి ఆ మొహాన్నే చూస్తోంది, ఆ వంకర తిరిగే పెదవులనే చూస్తోంది... ఒక్క ముక్క తెలియలేదు! ఆకలి తెలుసు, దాహం తెలుసు, నొప్పి తెలుసు. ఇది ఆ మాటల్లో ఏదీ కాదు. జీవితంలో మొదటిసారి కూతురి మాట ఆమెకు అర్థం కాలేదు.

పక్కనున్న ఆడమనిషి నెమ్మదిగా అంది. "నా పేరు పైడితల్లి అమ్మా. మాది శృంగవరపుకోట పక్క. సెప్పనా? కోపం నేదంతంది. 'అమ్మ నాకోసమే బతికింది, నాకోసమే పడిపోయింది, నాకు తెలుసు. అక్కడ అందరూ నాకు సెయ్యడమే. ఇక్కడ పొద్దున్నే ఈ పైడితల్లి పేపరు సదవమని నాకోసం కూసుంటాది. నేను సదవకపోతే దీనికి లోకం తెలీదు' అంతంది."

"నా బిడ్డ మాట నాకు నువ్వు సెప్తావా!" ఏసుమణి గొంతు పగిలింది.

పైడితల్లి నొచ్చుకోలేదు. "నాకు మొకం కనపడదు కదమ్మా. నాకు మాటొక్కటే ఉంది."

ఏసుమణి కుర్చీలో కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అంత మందిలో, కూతురి ఎదురుగా, అంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు.

హోమ్ చూసుకునే కనకదుర్గ మేడమ్ వచ్చి, ఆమెను పక్కకు తీసుకెళ్లి మంచినీళ్లిచ్చింది. "ఉండాలా వెళ్లాలా అన్నది ఆశ్రిత ఇష్టమమ్మా. పెద్దపిల్ల కదా! మీ సంతకం కూడా అక్కర్లేదు. కానీ ఒక్క మాట... మీరిలా ఏడుస్తూ వెళ్తే ఆవిడ ఇక్కడ ఉండలేదు. రేపో ఎల్లుండో తనే ఇంటికి పోతానంటాది. మీకోసం."

ఏసుమణి గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఒక్క ఏడుపు! గట్టిగా ఏడిస్తే చాలు, బిడ్డ తన వెంట వచ్చేస్తుంది. ఆ ఖాళీ మంచం నిండుతుంది. తన చేతులకు మళ్లీ పని దొరుకుతుంది. ఇన్నేళ్లూ బిడ్డ కోసం అన్నీ ఇచ్చేశాననుకుంది. ఇవ్వాల్సింది ఇంకా ఒకటి మిగిలే ఉంది!

కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. కొంగుతో బాగా తుడుచుకుంది.

భోజనాల వేళ ఆశ్రిత పక్కనే కూర్చుంది. చేతికి పట్టీతో కట్టిన చెంచాతో ఆశ్రిత తనే తిన్నది. సగం నోట్లోకి, సగం ఒళ్లోకి. ప్రతి ముద్దకూ ఏసుమణి చెయ్యి లేవబోయింది. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. అన్నం అయ్యాక కూతురి వైపు వంగి, "మూతి తుడవనా?" అని అడిగింది.

ఆశ్రిత తల్లిని వింతగా చూసింది. తరువాత నవ్వి, మొహం ముందుకు చాపింది.

సాయంత్రం ఏబెల్ వచ్చాడు. వెళ్లేముందు ఏసుమణి ఆ కురచ జుట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. గొంతు వణక్కుండా చూసుకుంది. "నీకిష్టమైనన్నాళ్లు ఉండు తల్లీ. పేపరు బాగా సదువు. నా దిగులు ఎట్టుకోకు. నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను!" ఆశ్రిత వంకర చేతిని కష్టపడి పైకెత్తి తల్లి చెంపకు ఆనించింది. చేత్తో తల్లిని తాకడానికి ఆమెకు ఎంత ప్రయాస అవుతుందో ఏసుమణికి తెలుసు. గేటు దాటాకే ఏడ్చింది.

"మా ఇంటికి రా అమ్మా, మెట్ల మీద నేను ఎత్తుకెళ్తాను," అన్నాడు ఏబెల్.

వాడి మొహం చూసింది ఏసుమణి. ఎన్నాళ్లయిందో వాడిని ఇలా తేరిపార చూసి! కణతల దగ్గర జుట్టు నెరుస్తోంది. "ఆదివారం నువ్వే రారా. జూడీని తీసుకురా. నీకు కోడికూర ఒండి ఎన్నేళ్లయింది!" అంది. చోడవరం బస్సు దాకా ఆమె చెయ్యి పట్టుకునే నడిచాడు వాడు.

* * *

రెండ్రోజుల తరువాత సాయంత్రం. ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు పాకం వాసన వస్తోంది. నూకరత్నం వాళ్లు పెళ్లికి దేవరాపల్లి వెళ్లారు. సందంతా నిశ్శబ్దం. ఏసుమణి దీపం వెయ్యకుండా గుమ్మంలో కూర్చుంది. వండుకోలేదు. ఒక్కదానికి ఏం వండాలి!

ఫోను మోగింది. కొత్త నంబరు.

"అ...మ్మా..."

"తల్లీ! నువ్వేనా! సెప్పు, సెప్పు!"

ఆశ్రిత ఏదో అంది. ఫోనులో ఆ మాట గాలి కొట్టుకున్నట్టు వచ్చింది. ఏసుమణికి తెలియలేదు. "ఏటమ్మా?" ఆశ్రిత మళ్లీ అంది. మళ్లీ తెలియలేదు. మొహం లేదు, కళ్లు లేవు, కనుబొమలు లేవు... ఎలా తెలుస్తుంది! "పైడితల్లికి ఇయ్యమ్మా ఫోను" అనబోయింది. అనలేదు. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని కళ్లు మూసుకుంది.

"మళ్లీ సెప్పు తల్లీ. తొందర నేదు. వింటన్నాను."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు. ఆ తరువాత, ఒక్కొక్క ముక్కా.

"అన్నం... తి...న్నా...వా?"

ఏసుమణిని ఆ మాట అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ గొంతుతో అడగడం మాత్రం ఇదే మొదలు.

"ఇంకా నేదమ్మా..." అంది. "ఇదిగో, లేస్తన్నాను."

కర్ర అందుకుని లేచింది. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వంటింట్లోకి నడిచింది, లైటు వేసింది.